బీరువా గారి జ్వరం

బావమరిదీ అతని భార్యా సామాను సర్దుకుని వెళ్లిపోయిన మర్నాడు పొద్దున, బీరువా గారు మూడు వారాల తర్వాత మొదటిసారి అద్దం ముందు నిలబడి బెల్టు పెట్టుకున్నారు. బెల్టుకున్న ఆఖరి చిల్లు కూడా సరిపోలేదు. మేకు వెతికి తెచ్చి ఇంకో చిల్లు పొడిచారు. విషజ్వరం మనిషిలో సగాన్ని పట్టుకుపోతే, మిగిలిన సగాన్ని సెలవులకు దిగిన చుట్టాలు నమిలి వదిలారు. అయినా ఆ పొద్దున ఆయన ముఖంలో పెళ్లికొడుకు కళ ఉంది. తను లేని ఆఫీసు ఈపాటికి మట్టికొట్టుకుపోయి ఉంటుందని ఆయనకు గట్టి నమ్మకం.

రికార్డు గది ముందు జనం బారులు తీరి ఉంటారు. ఆఫీసరమ్మ జుట్టు పీక్కుంటూ ఉంటుంది. అటెండరు పరిగెత్తుకుంటూ ఎదురొచ్చి, "వచ్చారా సార్, బతికించారు" అంటాడు. జ్వరం దిగిన దగ్గర్నుంచీ ఆయన మంచంలో పడుకుని ఈ బొమ్మనే రోజుకు మూడు పూటలా, మందుబిళ్లలతో పాటు వేసుకుంటున్నారు. నిజం చెప్పాలంటే మందుల కన్నా ఇదే బాగా పనిచేసింది.

బీరువా అన్నది ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆయన నీటి సరఫరా ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా రికార్డు గుమాస్తా. ఏ ఇంటికి కుళాయి ఎప్పుడిచ్చారో, ఏ వీధి కింద ఏ పైపు ఎటు పోయిందో, ఆ కాగితాలన్నీ ఆయన గదిలో కట్టలుగా ఉంటాయి. గిట్టనివాళ్లెవరో ఆయన వెనకాల బీరువా అని పేరు పెట్టారు. బరువుగా ఉంటుంది, తాళం వేసి ఉంటుంది, ఎంత తోసినా పక్కకు జరగదు అని వాళ్ల లెక్క. ఆ పేరు చెవిన పడితే ఆయన కోపం తెచ్చుకోలేదు సరికదా, బిరుదు ఇచ్చినంత సంబరపడ్డారు. అప్పట్నుంచి ముఖం మీదే బీరువా గారూ అని పిలిచినా పలుకుతారు.

ఆయన ఉద్యోగంలో చేరిన రోజున ఆ గదిలో ప్రతి కట్టకూ ఒక నంబరు చీటీ ఉండేది. పాత గుమాస్తా ఎవరో పిచ్చిమాలోకం, వీధుల వరసన అంటించి పెట్టుకుని, రిటైరై వెళ్లిపోయాడు. అలాంటి గదిలో ఎవరైనా వచ్చి ఏదైనా తీసుకోవచ్చు. ఎవరైనా తీసుకోగలిగితే ఇక గుమాస్తా ఎందుకు? బీరువా గారు మొదటి ఏడాదంతా తడిగుడ్డ పట్టుకుని ఆ చీటీలు ఒక్కొక్కటే ఊడబెరికారు. చీటీల జిగురుకు పురుగు పడుతుందని పైవాళ్లకు చెప్పారు. తర్వాత కట్టలన్నీ తన పద్ధతిలో సర్దుకున్నారు. గొడుగు మర్చిపోయి వెళ్లినాయన వీధి తలుపు వెనక. మాటిమాటికీ తుమ్మే ఆవిడ కాలనీ కిటికీ పక్కన. అరిచి గోల చేసినవాళ్ల వీధులన్నీ నేలమీది అరలో, ఎలుకలకు అందేట్టు.

ఆయన దగ్గరికి పనిమీద వచ్చినవాళ్లను ముందు "ఏ వీధి?" అని అడుగుతారు. చెప్పగానే "రేపు రండి" అంటారు. రేపు వస్తే కళ్లు మూసుకుంటారు. కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటూ ఒక నిమిషం నిలబడతారు. కళ్లు తెరిచి తిన్నగా వెళ్లి, వందల కట్టల్లోంచి ఒకటి లాగుతారు. అదే కట్ట! చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవారు. ఇది రేపటిదాకా ఆగాల్సిన పని ఎందుకయిందని ఒక్కరూ అడిగేవారు కాదు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మకు ఒక కోడీ, ఒక కుంపటే ఉన్నాయి. ఈయనకు అరల నిండా ఉన్నాయి.

కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ మాత్రం నోరు వెళ్లబెట్టలేదు. గది చుట్టూ ఒకసారి తిరిగి, అన్నిటికీ మళ్లీ నంబరు చీటీలు వేయించి, బీరువా గారిని ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చోబెడతానంది. ఫిర్యాదుల కిటికీ అంటే ఆ ఆఫీసులో శిక్ష. నీళ్లు రానివాళ్లు, బురదనీళ్లు వచ్చినవాళ్లు పొద్దుట్నుంచి సాయంత్రందాకా వచ్చి మొహమ్మీద అరిచి వెళ్లే చోటు. పైగా అక్కడ "రేపు రండి" అంటే ఇటుక పడుతుంది. బీరువా గారు లేచి నిలబడ్డారు. అందరూ వింటుండగా, "నేను లేకుండా ఒక్క వారం నడిపి చూడండి మేడమ్. నడిస్తే మీరు చెప్పిన చోటే కూర్చుంటాను" అన్నారు.

పైన తథాస్తు దేవతలుంటారంటారు. ఆయన విషయంలో వాళ్లు ఆ రోజు పనికి తొందరగా వచ్చినట్టున్నారు. మర్నాటికి ఒళ్లు కాలిపోయింది.

ఆ తర్వాతి నాలుగు రోజులు ఆయనకు సరిగా గుర్తులేవు. గుర్తున్నదల్లా ఒకటే. ఎప్పుడు కళ్లు తెరిచినా భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నోట్‌బుక్కులో ఏదో రాస్తూ కనిపించేది. పాపం, జ్వరం ఎంతుందో గంటగంటకూ రాసుకుంటోందని అనుకున్నారు. కాస్త తెలివి వచ్చాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇదిగో, ఆఫీసు నుంచి ఫోనొచ్చిందా?"

"రాలేదు. జావ తాగి పడుకోండి" అంది ఆవిడ.

రాలేదంటే, ఏం అడగాలో కూడా తెలియనంత గందరగోళంలో ఉన్నారన్నమాట అని ఆయన తృప్తిగా పడుకున్నారు.

ఇంకా మంచం దిగకముందే ఏడాది చివరి సెలవులొచ్చాయి. పలకరించి పోదామని బావమరిదీ అతని భార్యా వచ్చారు. పలకరింపు తొమ్మిది రోజులు సాగింది. కానీ వచ్చినవాళ్లు ఊరికే కూర్చోలేదు. బావమరిది నిచ్చెన వేసుకుని అటక మీదున్నవన్నీ దించాడు. అతని భార్య కిటికీలన్నిటి కిందా తడిగుడ్డతో తుడిచి, వేళ్లతో టకటకా కొట్టి చూసింది. చెప్పుల పెట్టెలు, మంచాల కింద ట్రంకులు, వంటింటి అరలు, ఏదీ వదల్లేదు. రోగిని చూడ్డానికి వచ్చి ఇల్లంతా శుభ్రం చేసే చుట్టాలు ఎవరికుంటారని బీరువా గారు దుప్పటిలోంచి చూసి మురిసిపోయారు. బావమరిది రోజుకొకసారి మంచం దగ్గరికొచ్చి, "బావా, మాతో ఏమైనా చెప్పాలనుందా? మొహమాటపడకు" అని చెయ్యి పట్టుకునేవాడు. "ఏం లేదురా, మీరుంటే చాలు" అని ఈయన కళ్లు తుడుచుకునేవారు.

అలా కొత్త చిల్లు పడిన బెల్టుతో, పాత గర్వంతో ఆఫీసుకు చేరారు.

రికార్డు గది ముందు బారు లేదు. బల్ల మీద తన టీ గ్లాసు బోర్లించి ఉంది. క్యాలెండరు కూడా ఎవరో సరిగ్గా తిప్పి పెట్టారు. అటెండరు స్టూలు మీద కూర్చుని నింపాదిగా పేపరు చదువుకుంటున్నాడు. ఈయన్ని చూసి లేచాడు గానీ, బతికించారు అనలేదు.

"రండి సార్. ఒంట్లో కుదుటపడిందా? బాగా చిక్కిపోయారు."

"నా సంగతి సరే. జనమేరీ?"

"పొద్దున ఇద్దరొచ్చారు సార్. పని చూసుకుని వెళ్లిపోయారు."

"పని చూసుకోవడమేంటి? ఎవరు చేశారు?"

"నేనే సార్. కట్టలు తీసిచ్చాను."

"నువ్వా! ఏ కట్ట ఎక్కడుందో నీకెలా తెలుసు?"

"నాకేం తెలుసు సార్. మీ ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. అమ్మగారు మిమ్మల్ని లేపకుండా నోట్‌బుక్కు చూసి చెప్పేసేవారు" అని, అంతటితో ఊరుకుంటే పోయేది, అటెండరు ఇంకో మాట కలిపాడు. "అమ్మగారు రేపు రమ్మనరు సార్. నిమిషంలో తేల్చేస్తారు."

బీరువా గారు కుర్చీలో కూలబడ్డారు. ఇక్కడ ఆవిడ పుట్టింటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆవిడ తాతగారు పోయినప్పుడు ఒక ఇనప్పెట్టె మిగిల్చారు గానీ, తాళంచెవి ఎక్కడుందో చెప్పకుండా పోయారు. వాళ్లింటిల్లిపాదీ పదకొండేళ్లు ఆ తాళంచెవి కోసం ఇల్లు పీకి పందిరేశారు. చివరికి పెట్టె పగలగొట్టిస్తే, లోపల ఇంకో తాళంచెవి దొరికింది. అది దేనిదో ఇప్పటికీ తెలియదు. అప్పట్నుంచి ఆ వంశంలో ఒక కట్టుబాటు ఏర్పడింది. ఎవరైనా మంచం పట్టి మాట తడబడితే చాలు, డాక్టరు కన్నా ముందు కాగితమూ కలమూ వస్తాయి. పక్కన ఒక మనిషి కూర్చుని, రోగి నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా పొల్లుపోకుండా రాయాలి.

బీరువా గారు జ్వరంలో ఏకధాటిగా నాలుగు రోజులు పలవరించారు. అడిగేవాడూ తనే, చెప్పేవాడూ తనే. "ఏ వీధి? మార్కెట్ వెనకా? నీలం కట్ట, కిటికీ పక్కన, కింద నుంచి మూడోది. ఎవరికీ చెప్పకు. రేపు రండి." అలా ఒకదాని వెంట ఒకటి. ఆవిడ మొత్తం రాసింది. రాసి, నీలం కట్ట అంటే ఏం దాచారో, ఏ కిటికీ పక్కనో అని బుర్ర బద్దలుకొట్టుకుని తమ్ముడికి కబురు పెట్టింది. ఐదో రోజున అటెండరు ఫోన్ చేసి, మార్కెట్ వెనక వీధి కాగితాలు దొరకడం లేదు, నీలం గుడ్డలో కట్టినట్టు గుర్తు, సార్‌ని అడగండమ్మా అన్నాడు. ఆవిడ నోట్‌బుక్కు తెరిచి చదివింది. అటెండరు వెళ్లి కిటికీ పక్కన కింద నుంచి మూడోది లాగాడు. ఇరవై రెండేళ్ల రహస్యం అంతటితో తెల్లారిపోయింది.

ఈ కథలో పలవరింతల సంగతీ, ఫోన్ల సంగతీ మాత్రం అటెండరు నోట విన్నాక బీరువా గారు ఆఫీసరమ్మ గదిలోకి దూసుకుపోయారు.

"వారం నడిపి చూడమన్నారు" అంది ఆవిడ ఫైలు మీంచి తల ఎత్తకుండానే. "సెలవులు తీసేసినా రెండు వారాలు నడిచింది."

"నడిచింది నా బుర్రతోనే కదా మేడమ్! అవన్నీ నా నోటి మాటలే!"

"ఒప్పుకుంటాను. తెలివిలో ఉన్న ఇరవై రెండేళ్లు మీరు ఎవరికీ చెప్పనిది, తెలివి లేని నాలుగు రోజుల్లో చెప్పారు. మళ్లీ జ్వరం వచ్చేదాకా ఆఫీసు ఆగలేదు కదండీ."

ఆయన మింగలేక కక్కలేక నిలబడి ఉండగానే బల్ల మీద ఫోను మోగింది. పాత బస్టాండు కూడలిలో పెద్ద పైపు పగిలిందట. నీళ్లు మోకాలి లోతున దుకాణాల్లోకి పోతున్నాయి. వాల్వు ఎక్కడుందో తెలియక మనుషులు ఇప్పటికి రెండు చోట్ల తవ్వారు. మొదటి చోట రాయి తగిలింది, రెండో చోట ఎవరిదో టెలిఫోను తీగ తెగింది. ఆ కూడలి పాత పటం కావాలి, అదీ ఇప్పుడే.

ఆఫీసరమ్మ ఫోను పెట్టేసి ఈయన వైపు చూసింది. "సరే. ఇదొక్కటి మీరే వెతికి తీయండి. ఇంటికి ఫోన్ చేయకూడదు. అరగంటలో తెస్తే ఆ కుర్చీ మీదే, చీటీల మాట ఎత్తను. తేకపోతే రేపట్నుంచి కిటికీ."

బీరువా గారికి ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా! రికార్డు గదికి వెళ్లి నడుమ నిలబడ్డారు. అటెండరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయన కళ్లు మూసుకున్నారు. కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ రాశారు. పాత బస్టాండు... పాత బస్టాండు...

జావ కనిపించింది. గిన్నెలో జావ, దాని మీద తేలుతున్న చెంచా. ఇంకొంచెం గట్టిగా మూసుకుంటే బావమరిది అటక మీంచి దిగుతూ కనిపించాడు. పటం మాత్రం కనిపించలేదు. జ్వరం ఒంట్లోంచి పోతూ పోతూ సగం అరలు ఖాళీ చేసి పోయినట్టుంది. ఆయన మళ్లీ చెయ్యి ఎత్తారు. మూడోసారి కూడా ఎత్తారు. చెయ్యి నొప్పి పుట్టింది గానీ, ఏ కట్టా పిలవలేదు. ఒక కట్ట లాగితే తుమ్మే ఆవిడ వచ్చింది, ఇంకోటి లాగితే చచ్చిన బల్లి వచ్చింది. పదిహేను నిమిషాలు గడిచాయి. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. ఆయనకు భయమేసింది. కుర్చీ పోతుందన్న భయం ఒకటైతే, ఇన్నాళ్లూ అందరి ముందూ ఊపిన ఈ తలలో ఏమీ మిగల్లేదేమోనన్న భయం ఇంకోటి.

"ఇప్పుడే వస్తా, కడుపులో బాలేదు" అని అటెండరుతో చెప్పి, వరండా చివరికి, మంచినీళ్ల డ్రమ్ము వెనక్కి వెళ్లారు. సెల్లు తీసి ఇంటి నంబరు నొక్కారు. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసుకున్నారు.

"ఏ వీధండీ?" అంది అవతలి గొంతు.

"ఇదిగో, నేనే!" అని గొణిగారు.

"మీరని తెలుసు. ఏ వీధి?"

ఇరవై రెండేళ్లుగా ఆయన జనాన్ని అడిగిన ప్రశ్న అది. దాన్ని తనను ఇంకొకరు అడిగితే ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది. "పాత బస్టాండు కూడలి" అన్నారు. ఈవిడ రేపు చేయమంటుందేమోనని సెల్లు చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నారు.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడయింది. "ఉండండి... మూడో రోజు మధ్యాహ్నం. 'బస్టాండు పటం, చెప్పుల అట్టపెట్టె, విరిగిన టైపుమిషను వెనక.' అదీ సంగతి. ఈ ఒక్క ముక్క వల్ల ఇంట్లో ఉన్న చెప్పుల పెట్టెలన్నీ శుభ్రమయ్యాయి."

అట్టపెట్టె టైపుమిషను వెనకే ఉంది. పటం నాలుగు మడతలు పెట్టి అందులో ఉంది. బీరువా గారు దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒంట్లోకి వచ్చిన కొత్త బలంతో ఆఫీసరమ్మ బల్ల మీద పరిచారు. ఇరవై ఎనిమిది నిమిషాలు.

"మీరే వెతికారా?" అంది ఆఫీసరమ్మ.

ఆయన నుదుటి మీద చూపుడువేలితో రెండుసార్లు తట్టారు. గుమ్మంలో అటెండరుకు దగ్గు వచ్చింది. ఆ దగ్గు చాలాసేపు తగ్గలేదు.

ఆఫీసరమ్మ ఒకసారి అటెండరు వైపూ, ఒకసారి ఈయన తడిసిన చొక్కా వైపూ చూసింది. ఫిట్టరును పిలిచి పటం ఇచ్చి పంపింది. "మాటంటే మాటే. కుర్చీ మీదే" అని మళ్లీ ఫైల్లో తల పెట్టింది. మధ్యాహ్నానికి బస్టాండులో నీళ్లు ఆగాయి. బీరువా గారు తన కుర్చీలో కూర్చుని, పనిమీద వచ్చిన ఇద్దరికి, ఎంతో కాలం తర్వాత, నోరారా "రేపు రండి" అన్నారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భార్య హాలు నడుమ నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ మూడు వారాల బట్టలు. రోగి దుప్పట్లు ఒకపక్క, చుట్టాల దుప్పట్లు ఒకపక్క, ఉతికినవీ ఉతకాల్సినవీ కలిసిపోయి గుట్ట. అటక మీంచి దించినవి ఇంకా కుర్చీల మీదే ఉన్నాయి. మరదలు మర్చిపోయిన దువ్వెన కిటికీలో ఉంది. ఆవిడ దిండు గలీబులు మడత పెడుతోంది. ఆవిడ కళ్ల కింద నల్లటి చారలున్నాయి గానీ, అవి ఆయన కంట పడలేదు.

"కుర్చీ నాదే! పైసా తేడా లేకుండా నిలబెట్టుకున్నాను" అన్నారు బీరువా గారు చెప్పులు విడుస్తూనే. "ఇదిగో, ముందా నోట్‌బుక్కు ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"చింపెయ్యాలి. ఇలాంటివి ఒకరి చేతిలో పడకూడదు. అసలు నువ్వు అటెండరుకెలా చదివావు? ఇంటి గుట్టు బయటపెట్టినట్టు కాదూ?"

"ఇంటి గుట్టేమీ లేదు అందులో. ఉంటే మా తమ్ముడికి దొరికేది" అంది ఆవిడ.

"మీ తమ్ముడికి ఎందుకు దొరకాలి?"

"తొమ్మిది రోజులు వాడు వెతికింది దానికేగా. మీరేదో దాచారని. ఆఫీసు కట్టలని నాకు ఐదో రోజే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే అటక ఎవరు దులుపుతారు? నాలుగేళ్లుగా మిమ్మల్ని అడుగుతున్నాను."

బీరువా గారికి దుప్పటిలోంచి తుడుచుకున్న కన్నీళ్లు గుర్తొచ్చి చిరాకేసింది. ఆవిడ దిండు కింద నుంచి నోట్‌బుక్కు తీసి ఇచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని చింపబోయి, ఊరికే ఒక పేజీ చూద్దామని తెరిచారు. ఒకటి చూశాక రెండోది చూశారు. గుండ్రటి అక్షరాల్లో, రోజూ, పూటా వేసి మరీ, ఆయన తలలో ఉన్నదంతా ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావా! మూడొందల పైచిలుకు కట్టలు! నూటనాలుగు డిగ్రీల్లో! వేరే మనిషైతే అమ్మా అబ్బా అనేవాడు. ఏమి జ్ఞాపకం, ఏమి జ్ఞాపకం!"

"మూడొందల పన్నెండు" అంది ఆవిడ. గలీబు మడత పెట్టి గుట్ట మీద వేసింది. "నాలుగు రోజులు మీ నోటికి చెవి ఆనించి కూర్చున్నాను. అన్నం తినడానికి లేచినా మాట పోతుందేమోనని ఆ స్టూలు మీదే తిన్నాను. కట్టలన్నీ పేరుపేరునా చెప్పారు. అటెండరు పోగొట్టిన గొడుగు గురించి చెప్పారు. మూడో క్లాసులో మీ పెన్సిలు ఎవరు తీశారో అది కూడా చెప్పారు. నా పేరొక్కటి రాలేదు."

బీరువా గారు నవ్వబోయారు. "ఎందుకు రాదు? వచ్చే ఉంటుంది. నువ్వే రాసుకోలేదేమో."

"మూడో క్లాసు పెన్సిలు రాసుకున్నదాన్ని, నా పేరు రాసుకోనా?"

ఆయన ఇంకో పేజీ తిప్పారు.

"ఇదిగో, అని మాత్రం రెండుసార్లు అన్నారు. మొదటిసారి నన్నే పిలుస్తున్నారేమోనని వంగాను. రెండోసారీ వంగాను. రెండుసార్లూ కట్ట చూపించడానికే" అంది ఆవిడ. గొంతులో ఏడుపు లేదు. ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది. "చూడండి, మీరే చూసుకోండి. రికార్డు గుమాస్తాగారు కదా, వెతకడంలో మిమ్మల్ని మించినవాళ్లు లేరు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని గోడకు చేరగిలబడ్డారు. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చూడటం మొదలుపెట్టారు. మార్కెట్ వెనక వీధి ఉంది. తుమ్మే ఆవిడ ఉంది. ఎలుకల అర ఉంది. రేపు రండి, రేపు రండి, రేపు రండి, పేజీకి నాలుగు చోట్ల ఉంది. చివరిదాకా వెళ్లి, ఎక్కడో దాటేసి ఉంటానని మళ్లీ మొదటికొచ్చారు. ఇరవై ఆరేళ్లుగా ఈ మనిషిని ఇదిగో అని తప్ప పిలిచిన గుర్తు లేదని రెండోసారి తిరగేస్తున్నప్పుడు తట్టింది. అప్పుడు సిగ్గేసింది ఆయనకు. సిగ్గేసినా వేలు ఆపలేదు. ఒక్కచోట ఉంటే చాలు, కొట్టివేతల్లో ఉన్నా చాలు అనుకుంటూ మూడో రోజు పేజీలోకి వచ్చారు.

ఇంట్లో ఫోను మోగింది. ఆవిడ బట్టలు పక్కకు నెట్టి లేచింది.

అటెండరు. ఆఫీసరమ్మకు పొద్దున్నే రైలు గేటు అవతలి కాలనీ కట్ట కావాలట. కుర్చీ ఎవరిదైనా, కట్ట ఎవరినడగాలో అటెండరుకు బాగా తెలుసు.

ఆవిడ గోడవైపు చూసింది. బీరువా గారు నోట్‌బుక్కును కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలు వరస దాటిపోకుండా జరుపుకుంటున్నారు.

"నోట్‌బుక్కు ఆయన చేతిలో ఉందండీ" అంది ఫోనులో. "ఆయనొకటి వెతుక్కుంటున్నారు. అది దొరకదు గానీ, మీరు ఓ పది నిమిషాలాగి చేయండి."